ఒట్టి రోలు చప్పుడు

జిల్లా నుంచి వచ్చిన సర్క్యులరుకు పదకొండు పేరాలున్నాయి. వాగొడ్డుపాలెం పంచాయతీ బోర్డు ఆఫీసులో, అంటే ప్రెసిడెంటు చెన్నకేశవరెడ్డి గారి గొడ్లకొట్టానికి ఆనుకుని ఉన్న గదిలో, గుమాస్తా శౌరి దాన్ని పైకి చదువుతున్నాడు. ప్రెసిడెంటు గారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆయన నిద్రపోవడం లేదు. ఆ కాగితంలో తాను చేయవలసిన పని ఏదైనా ఉంటే అది తన కంటబడకుండా దాటిపోతుందని ఆయన నమ్మకం.

యుద్ధం ఆగి ఏడాది దాటింది. యుద్ధమప్పుడు ఆకాశం నుంచి బాంబులు పడితే ఏం చేయాలో సర్క్యులర్లు పంపిన దొరలు, ఆ అలవాటు పోక, ఇప్పుడు వాగుల మీద పడ్డారు. వాగుల పక్కనున్న ఊళ్ళన్నీ వరదకు ముందే సిద్ధంగా ఉండాలట. తాళ్ళు, లాంతర్లు, ఈత వచ్చిన మనుషుల జాబితా, జనం చేరుకోవలసిన ఎత్తైన చోటు, వాళ్ళను హెచ్చరించే దండోరా అన్నీ తయారుగా ఉంచాలట. పదో పేరాలో, వరద తర్వాత కలరా తగలకుండా సూదులు వేయించాలని ఉంది. పదకొండో పేరాలో అసలు చిక్కు ఉంది. ఇవన్నీ ఉన్నాయని రాసి పంపితే కుదరదు. పంచాయతీ ఆఫీసరు వచ్చి చూస్తుండగా ఊరంతా ఒకసారి చేసి చూపించాలి.

"అంటే ఏందిరా, రాని వరదని వచ్చినట్టు చెయ్యాల్నా?" అన్నారు ప్రెసిడెంటు గారు కళ్ళు తెరవకుండానే.

"అవునండి. అరగంటలో జనమంతా గొర్రెలమిట్ట ఎక్కాలి."

"అరగంటలో ఈ ఊళ్ళో పంచె కూడా ఆరదు." ఆయన ఒక కన్ను తెరిచారు. "చూడు శౌరీ, నీది టెంపరవరీ ఉద్యోగం. ఆ ఆఫీసరు బాగుందని రాసిపోయాడా, పర్మనెంటు చేయిస్తా. బాగాలేదన్నాడా, నీ కుర్చీ తీసేసి ఆ పని కరణానికి కలిపేస్తారంట. నాకేం? నన్నెవురూ తియ్యలేరు."

ఆయన బరువు ఎరిగినవాళ్ళెవరూ ఆ మాటను కాదనరు.

శౌరి కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. తన మనసులోకి తానే తొంగి చూసుకునే చెడ్డ అలవాటు అతనికి ఉంది. ఆ రోజు తొంగి చూస్తే ఉద్యోగం కన్నా లోతున ఇంకోటి కనబడింది. ఇరవై ఎనిమిదేళ్ళ తన బతుకులో ఇంతవరకు తన మాట మీద కోడి కూడా పక్కకు తప్పుకోలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఊరు ఊరంతా తన మాట మీద కదలాలి. ఆ కోరికను చూసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినందువల్ల అది ఏమీ చిన్నదవలేదు.

వాగొడ్డుపాలెం తొంభై గడప. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పులు. ఒకటే పొడుగాటి వీధి. వీధికి ఒక చివర గొర్రెలమిట్ట, రెండో చివర వాగు, నడిమధ్యకు గురజాల నుంచి బండ్ల డొంక వచ్చి కలుస్తుంది. వాగంటే ఏడాదికి పది నెలలు ఇసుకే. మిగతా రెండు నెలలు చీలమండ తడిసేపాటి నీళ్ళు. తాతలనాడు ఒకసారి ఊరు మునిగిందంటారు గాని, ఆ తాతలెవరో ఎవరికీ గుర్తులేదు.

ఆఫీసరు రావడానికి వారం ముందు శౌరి ఒక ఆదివారం పూట గుట్టుగా పరీక్ష పెట్టుకున్నాడు. బోర్డు దండోరా వాయించే ఇన్నయ్య డప్పు మెడకు తగిలించుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాడు.

"వాగొస్తంది! అహో, వాగొస్తంది! జనమంతా గొర్రెలమిట్ట ఎక్కాలహో!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. శౌరి గుండె ఎగిరింది. పిల్లలు, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు అందరూ వీధిలోకి వచ్చారు. వచ్చి, గబగబా వాగువైపు నడిచారు.

"అటు కాదర్రా! మిట్టమీదికి!" అని శౌరి చేతులూపాడు.

"మిట్టమీదనుంచి ఏం కనపడుద్ది? చూసొస్తాంలే ఉండు," అంది గాజుల జైనాబ్ బీ, చెంగు నడుముకు దోపుకుంటూ. ఆమె వెనకే ముగ్గురు ఆడవాళ్ళు మాసిన బట్టల మూటలతో బయలుదేరారు. నీళ్ళొస్తే ఊరికే పోనివ్వడం దేనికని వాళ్ళ ఉద్దేశం. అరగంటకు ఊరంతా వాగొడ్డున బారులు తీరి ఇసుకను చూస్తోంది. మిట్టమీద ఇన్నయ్య ఒక్కడే కూర్చుని డప్పు కాచుకుంటున్నాడు.

"పిలిచినా. రాలేదు," అన్నాడు ఇన్నయ్య. "డప్పుదేం తప్పు లేదు."

ఆ సాయంత్రం శౌరి అరుగుమీద కూర్చుని మథనపడ్డాడు. ఈ జనానికి పరుగు చేతకాక కాదు. పరుగంటే వీళ్ళ పరుగే. అది అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఒంటికి తెలుసు, అమ్మ చంకలో కుదుపుకు తెలుసు. ఆ పరుగు పేరు మనసులోకి రాగానే అతను అరుగు దిగి నిలబడ్డాడు.

ఊరి ఆడవాళ్ళు ఎన్నడూ ఒట్టి రోలు దంచరు. గింజ లేని రోట్లో రోకలి వేస్తే ఇంటికి అరిష్టం. అందుకే ఆ చప్పుడు దేనికీ పనికిరాకుండా మిగిలిపోయింది; మిగిలిపోయింది కనుకనే దాన్ని ఒక పనికి దాచుకున్నారు. మునుపటి టీకాలాయనైనా, ఇప్పటి టీకాల అబ్దుల్ మజీద్ అయినా, తన పెట్టె పట్టుకుని గురజాల డొంకలో కనబడితే చాలు, డొంక మొదట ఉన్న మంత్రసాని ఆరోగ్యమ్మ రోకలి ఎత్తి ఒట్టి రోట్లో మూడు దెబ్బలు వేస్తుంది. రాతిని రోకలి చివరి ఇనప పొన్ను తాకిన ఆ గుల్ల చప్పుడు పక్కింటికి, అక్కడి నుంచి ఆ పక్కింటికి పాకుతుంది. కిళ్ళీ నమిలేంత సేపట్లో ఊరు ఖాళీ. పిల్లలు, దూడలు, పొయ్యిమీది కూరతో సహా మిట్ట వెనక బండల్లో ఉంటారు. మజీద్ వస్తాడు, తాళం లేని తలుపులు చూస్తాడు, 'జనము గ్రామములో లేరు' అని రాసుకుని పోతాడు. పదేళ్ళుగా ఆయనకు ఈ ఊరివాళ్ళ మడమలు తప్ప మొహాలు తెలియవు.

బోర్డు గుమాస్తాగా శౌరి ఈ సంగతి పైకి రాయవలసింది. ఏనాడూ రాయలేదు. ఊరు తనను నమ్మి దాచుకున్న ఒకే ఒక్క గుట్టు అది.

ఆరోగ్యమ్మను అడిగితే ఒప్పుకోదు. వేరే ఎవరినడిగినా ఆమె చెవిన పడుతుంది. కాని భార్య కృపామణి వినుకొండ పిల్ల. కాపురానికి వచ్చి నాలుగు నెలలే అయింది. ఈలోగా మజీద్ ఇటు రాలేదు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున శౌరి రోలు దగ్గర చతికిలబడి, దాన్ని వేలితో తడిమాడు.

"కృపా, మొన్న గంటు కొట్టించాం కదా, ఇంకా రాతిపొడి రాలతంది. పిండిలో పళ్ళకింద తగలట్లా?"

"నాకేం తగల్లా."

"నాకు తగిలింది. ఇయ్యాళ పదింటప్పుడు ఒట్టిదే బాగా దంచి దులుపు. గట్టిగా, చానా సేపు."

"ఒట్టి రోలా? మా అమ్మ చూస్తే చంపుద్ది."

"మీ అమ్మ వినుకొండలో ఉందిగా."

కృపామణి అతని మొహంలోకి చూసింది. మగవాడు రోలు గురించి మాట్లాడితే దానివెనక ఏదో ఉంటుందని ఆమెకు తోచింది గాని, ఏముంటుందో తోచలేదు.

పదిగంటలకు ఆఫీసరు మోటారు డొంక చివర ఆగింది. ప్రెసిడెంటు గారు దండ వేశారు. ఇన్నయ్య డప్పు మొదలుపెట్టాడు. ఎవరో ఒకరిద్దరు గుమ్మాల్లోంచి చూసి, మళ్ళీ ఇదేనా అన్నట్టు లోపలికి పోయారు. ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నారు. సరిగ్గా అప్పుడు వీధి నడుమ నుంచి, కాపురానికి కొత్తగా వచ్చిన చేతుల బలంతో, ఠంగు ఠంగుమని ఒట్టి రోలు మోగింది.

ఆఫీసరు కోసం వీధిలో వేసిన బల్లకింద తన కాళ్ళు వాటంతటవే కదలడం శౌరి గమనించాడు. పక్కింటి రోలు అందుకుంది, ఆ పక్కది అందుకుంది. తరువాత జరిగినదాన్ని ఆఫీసరు తన రిపోర్టులో మూడు వాక్యాల్లో పొగిడారు. పన్నెండు నిమిషాలు. మంచంలోని ముసలామె వీపుమీద, చంటిపిల్లలు చంకల్లో, కోడిపెట్టలు గంపల్లో. ఎవరూ వెనక్కు తిరిగి చూడలేదు, ఎవరూ ఏడవలేదు, తోసుకోలేదు. యుద్ధంలో కూడా ఇంత క్రమం తాను చూడలేదని ఆఫీసరు అన్నారు.

"దండోరాకే ఇంతగా వచ్చారా?"

"మా ఇన్నయ్య వాయిస్తే అంతేనండి," అన్నారు ప్రెసిడెంటు గారు. ఆయన ఆ పూట రెండు కళ్ళూ తెరిచే ఉన్నారు.

ఇంతవరకు బాగుంది. కాని ఆఫీసరు సర్క్యులరును చివరిదాకా చదివే రకం మనిషి. "జనమంతా ఒకచోట ఉన్నారు కదా, పదో పేరా కూడా ఇప్పుడే అయిపోతుంది," అని మోటారువైపు సైగ చేశారు. వెనక సీటులోంచి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒదిగి కూర్చున్న అబ్దుల్ మజీద్ దిగాడు.

మిట్టకు ఎక్కే దారి ఒకటే. దిగే దారీ అదే. ఆ రోజు వాగొడ్డుపాలెంలో మూడువందల పద్నాలుగు మందికి కలరా సూది మొదటి విడత పడింది. రెండో విడత పది రోజులకు.

ఆ వారంలోనే శౌరికి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఆ మాట అడగలేదు. బావి దగ్గరకు కృపామణి రాగానే మాటలు ఆగిపోతున్నాయి. ఆమె చేద వేసి తోడుకుని వచ్చేదాకా అందరూ తమ తమ కుండల్లోకి చూసుకుంటున్నారు.

"నా చేత చేయించావు," అంది ఆమె బిందె దించుతూ. "ఆ ఆరోగ్యమ్మ ఏమందో తెలుసా? 'రోలుకేం తెలుసమ్మా, అది మొగుడు చెప్పినట్టు వినుద్ది' అంది. నన్నే రోలన్నది!"

శౌరి సంజాయిషీ చెప్పడానికి పెద్దమ్మ వరసైన ఆరోగ్యమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె గుమ్మంలో చుట్ట కాలుస్తోంది. ఎడమ చేయి ఇంకా వాచి ఉంది.

"పెద్దమ్మా, మజీద్ గారు మోటార్లో ఉన్నాడని నాకు తెలవదు. ఒట్టు."

"తెలవదా? మరి రోలెట్టా మోగింది? ఆయన్ని చూడకుండానే నీ పెళ్ళానికి ఎట్టా తెలిసింది?"

చప్పుడు అబద్ధం, వచ్చిన మనిషి నిజం. తాను ఏది ఒప్పుకున్నా రెండో నేరం మీదపడుతుంది.

"పోనీలే. ఇంక రోలు లేదు. రోలుతో పని లేదు," అంది ఆమె పొగ వదిలి. "మేం మేం ఏదో అనుకున్నాం. నీకు చెప్పం. నువ్వు పర్మనెంటంట కదా."

ఆ మాట శౌరి లోపల రోజూ తిరుగుతూనే ఉంది. తనకు కావలసింది ఊరు కదలడం. కదిలింది. కాని తన మాట మీద కాదు, దొంగిలించిన చప్పుడు మీద. ఇప్పుడా చప్పుడు కూడా లేదు. రాత్రిపూట వాన పడితే తలుపు తీసి వాగువైపు చూసేవాడు. ఒకవేళ నిజంగా వస్తే? సర్క్యులరు ప్రకారం ఊరిని మిట్ట ఎక్కించవలసినవాడు తాను. తాను చెబితే మిట్ట దిగేవాళ్ళు తప్ప ఎక్కేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

పదో రోజు మిట్టమధ్యాహ్నం. ఆకాశం కడిగి బోర్లించినట్టుంది. మబ్బు తునక లేదు. మాచర్ల వైపు నుంచి వచ్చిన బొగ్గు బస్సు డొంక చివర ఆగింది. డ్రైవరు మౌలాలీ బస్సును అలాగే వదిలి పరుగెత్తుకుంటూ బోర్డు ఆఫీసుకు వచ్చాడు. పెట్రోలు దొరకని రోజుల్లో తగిలించిన బొగ్గు కుంపటి మసి అతని మొహం నిండా ఉంది. ఆ మసి మీద చెమట చారలు.

"శౌరీ బావా! పైన కొండల్లో రాత్రంతా కుంభవృష్టి అంట. మాచర్ల ఇవతల కల్వర్టు మీద నా చక్రాల్లో సగం నీళ్ళు. నేను దాటినా, నా వెనక బండి దాటలా. మీ వాగే అది. గంటలో ఈడికొస్తది, గంట కూడా పట్టదు." అనేసి మళ్ళీ బస్సెక్కి గురజాల వైపు పోయాడు.

ప్రెసిడెంటు గారు వ్యాజ్యం పనిమీద నరసరావుపేట వెళ్ళారు. ఉన్నా కళ్ళు మూసుకునేవారు. శౌరి వీధిలోకి ఉరికాడు.

వీధిలో ఎవరూ లేరు.

తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక ఇంట్లో పొయ్యి పొగ, ఇంకో ఇంట్లో ఊగుతున్న ఖాళీ ఉయ్యాల. తన ఇంటి గుమ్మంలో కృపామణి ఒక్కతే నిలబడి ఉంది.

"ఎవురూ లేరయ్యా. ఇప్పటిదాకా ఉన్నారు. ఏ చప్పుడూ కాలా. పప్పు ఎసట్లో పోసి వచ్చేలోపల ఊరు లేదు."

శౌరికి ఒక్క క్షణం సంతోషం వేసింది. ఎవరో చెప్పినట్టున్నారు, అందరూ ఎక్కేశారు! మిట్టవైపు చూశాడు. మిట్టమీద బండలు, ఎండ. అంతే.

అప్పుడు డొంక మొదట్లో, ఆరోగ్యమ్మ ఖాళీ అరుగుమీద, పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్న అబ్దుల్ మజీద్ కనబడ్డాడు. రెండో విడత. మౌలాలీ బస్సులోనే దిగాడు. ఆయన దిగడం ఊరు చూసింది. కొత్త గుర్తు ఏదో ఊరంతా పాకింది. మిట్ట ఒకసారి పట్టుబడ్డ చోటు, కనుక మిట్టకు పోరు. ఇంక దాక్కోవడానికి ఈ ఊళ్ళో మిగిలింది ఏముంది?

శౌరి వాగువైపు పరుగెత్తాడు.

అందరూ అక్కడే ఉన్నారు. ఎండిన వాగు నడుమ, రెల్లుపొదల వెనక, చల్లటి ఇసుకలో తొంభై ఇళ్ళ జనం తీరిగ్గా కూర్చున్నారు. ఆరోగ్యమ్మ చుట్ట వెలిగించింది. జైనాబ్ బీ గాజుల గంప దించి, వేళ వృథా కాకుండా ఒక చంటిదానికి గాజులు తొడుగుతోంది. పిల్లలు చెలమలు తవ్వుతున్నారు.

"లేవండి! వాగొస్తంది! మిట్టెక్కండి, లేవండి!"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరువాత ఎవరో ఫక్కుమన్నారు. ఇసుకంతా నవ్వింది.

"మొన్న పెళ్ళాం రోలు దంచింది, ఇయ్యాళ మొగుడు నోరు దంచుతున్నాడు," అంది రాఘవమ్మ అనే పెద్దామె.

"ఒరే శౌరీ, మబ్బేదిరా?" అంది ఆరోగ్యమ్మ.

"మాచర్ల అవతల పడిందంట పెద్దమ్మా, కొండల్లో!"

"ఆడ పడితే ఆడి జనం తడుస్తారు."

"జైనాబత్తా, నువ్వన్నా చెప్పు! మౌలాలీ కళ్ళారా చూశాడు!"

"ఆ సూదులాయన్ని బస్సెక్కించి రా నాయనా. అప్పుడు నువ్వు సముద్రం వస్తందన్నా వింటాం."

అక్కడ నిలబడి శౌరి తనలో ఒక విచిత్రం చూశాడు. వీళ్ళు చచ్చిపోతారేమోనన్న భయం కన్నా, వీళ్ళు నవ్వారన్న బాధ ముందు వచ్చింది. భయం దాని వెనక, ఆలస్యంగా, రొప్పుతూ వచ్చింది. అది చూసి తనమీద తనకు అసహ్యం వేసింది. ఆ అసహ్యమే మంచి చేసింది. తన మాటకు విలువ రావాలన్న ముచ్చట అక్కడే, ఆ ఇసుకలోనే వదిలేసి, వెనక్కు తిరిగి పరుగెత్తాడు.

"మజీద్ గారూ, లేవండి. పెట్టె తీసుకోండి. మీరొచ్చి వాళ్ళని తరమాలి."

మజీద్ తల ఎత్తాడు. మెత్తని మనిషి. గడ్డం సగం నెరిసింది. "తరమాలా? నేనా? శౌరీ గారూ, పదేళ్ళ నుంచి ఈ ఊరోళ్ళు నన్ను చూసి పరిగెత్తుతున్నారు. నాకూ మనసుంటది. ఇయ్యాళ ఈ అరుగు దిగకూడదనుకున్నా. 'జనము లేరు' అని రాసుకుని పోతా."

"వాళ్ళు వాగులో కూర్చున్నారు. నీళ్ళొస్తున్నాయి. నేను చెబితే నవ్వుతున్నారు."

మజీద్ రంగు మారింది. బస్సులో కల్వర్టు దాటినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. "నేను చెబితే మాత్రం వింటారా?"

"మీరు చెప్పొద్దు. కనపడండి, చాలు. వీధిలోంచి కాదు. మిరపచేల మీదుగా చుట్టూ తిరిగి, వాగు అవతలనుంచి రండి. వాళ్ళకి పోవడానికి ఊరివైపే దారుండాలి. మామూలుగా నడవండి. పరిగెత్తడం వాళ్ళు చూసుకుంటారు."

ఇద్దరూ మిరపచేలకు అడ్డంపడ్డారు. మజీద్ దారిలోనే పెట్టె తెరిచి, అన్నిటికన్నా పొడుగాటి సూది తీసి గొట్టానికి బిగించాడు. వాగు అవతలి గట్టు దిగుతుంటే శౌరి చెవికి దూరంగా ఏదో చప్పుడు తగిలింది, రాళ్ళ బండ్లు వరసగా దిగుతున్నట్టు. వాళ్ళ కాళ్ళకింద ఇసుక అప్పటికే చెమర్చింది.

రెల్లుపొదలు పక్కకు జరిగాయి. ఎండలో సూది తళుక్కుమంది.

"అమ్మా, రెండో విడత," అన్నాడు అబ్దుల్ మజీద్ ఎంతో మర్యాదగా.

అంతటి మర్యాద వల్లనే గాబోలు, ఒక పెద్ద కేక లేచింది. చెలమలు, చుట్టలు, చెప్పులు ఎక్కడివక్కడే. తొంభై ఇళ్ళ జనం ఒక్క ఊపున గట్టెక్కి వీధిలో పడ్డారు. ఆరోగ్యమ్మకు అరవై దాటాయని ఆ పరుగు చూసినవాడెవడూ అనడు. కొందరు తమ ఇళ్ళలో దూరి గడియ వేసుకుందామని గుమ్మాలవైపు మళ్ళారు. కాని మజీద్‌కు ఆ పూట ఏదో పట్టింది. పదేళ్ళ అవమానం కాళ్ళలోకి దిగింది. పుస్తకం తెరిచి, పరుగెడుతూనే పేర్లు చదవడం మొదలుపెట్టాడు.

"రాఘవమ్మగారూ! ఇంట్లోకెళ్ళారంటే ఇంట్లోకే వస్తా! జైనాబ్ బీ! ఎడమ చెయ్యి! ఒక్క నిమిషమమ్మా, నెప్పి ఉండదు!"

గడపమీద కాలు పెట్టిన రాఘవమ్మ ఆ కాలు వెనక్కు తీసుకుంది. శౌరి వెనక నుంచి ఖాళీ ఇళ్ళలోకి తలపెట్టి చూస్తూ, మంచంలోని ముసలామెను ఒకచోట, ఉయ్యాల కింద మేకపిల్లను ఒకచోట ఎత్తుకుంటూ వచ్చాడు. కృపామణి ఏమీ అడగకుండా ముసలామెను రెండోవైపు పట్టుకుంది. వీధి నడుమ దాటేసరికి వాళ్ళ వెనక చల్లటి గాలి తగిలింది. బురద వాసన. ముందు పరుగెత్తేవాళ్ళెవరూ వెనక్కు చూడలేదు. చూస్తే సూది దగ్గరపడుతుందని భయం.

మిట్టమీదికి చేరి, బండలు అడ్డొచ్చి, ఇంక పోవడానికి దారి లేక తిరిగి చూశారు.

వాగు లేదు. వాగుండే చోట ఎర్రటి గోడ ఒకటి నడిచి వస్తోంది. రెల్లుపొదలు తలలూపి మునిగిపోయాయి. వాళ్ళు కూర్చున్న ఇసుక, పిల్లల చెలమలు, జైనాబ్ బీ గాజుల గంప, అన్నిటిమీదుగా నీళ్ళు గట్టెక్కి వీధిలోకి వచ్చాయి. ఒక్కొక్క ఇల్లే మోకాలి లోతుకు, నడుము లోతుకు దిగింది. మిట్ట మొదట్లో ఉన్న నాపరాళ్ళ గోడను నీళ్ళు తాకి, సగం దాకా ఎక్కి, అక్కడ ఆగి సుళ్ళు తిరిగాయి.

తల్లులు పిల్లలను లెక్కపెట్టుకున్నారు. ఇన్నయ్య కూడా తలలు లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు.

ఆరోగ్యమ్మ శౌరివైపు చూసింది. పక్కకు జరిగి బండమీద చోటిచ్చింది. ఆ జరగడంలో అతనికి కావలసినంత ఉంది.

మొదట తేరుకున్నవాడు అబ్దుల్ మజీద్. ఒక బండమీద కూర్చుని స్పిరిటు పొయ్యి వెలిగించి, సూదులు మరగడానికి పెట్టాడు. తలెత్తి, జీవితంలో రెండోసారి వాగొడ్డుపాలెం మొహాలన్నీ వరసగా చూశాడు.

"ఎలాగూ అందరూ ఉన్నారు కదా," అన్నాడు బిడియంగా.

జనం పొయ్యివైపు చూశారు. తరువాత నీళ్ళవైపు చూశారు. కొందరు ఎంత లోతుందా అన్నట్టు కొలిచి చూశారు. ఈత వచ్చినవాళ్ళ జాబితాలో పేరున్న ఇద్దరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అందరి చూపులూ తిరిగి తిరిగి శౌరి దగ్గర ఆగాయి.

"ఒరే శౌరీ," అంది ఆరోగ్యమ్మ. గొంతులో ఎకసెక్కం లేదు. "నువ్వు చెప్పింది నిజమే అయింది. ఇప్పుడు చెప్పు. ఈ నీళ్ళు ఎప్పటికి తగ్గుతాయి? మాపటికి తగ్గేటట్టయితే, ఈ సూదికి తొందరేముంది? ఆయన పొయ్యి ఆరిందాకా ఆగి, మెల్లగా దిగిపోతాం. నువ్వు ఎంతంటే అంత. నీ మాటే."

మిట్ట మిట్టంతా అతని నోటివైపు చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది. శౌరి కింది గోడవైపు చూశాడు. నాపరాయి మీద తడిచార ఒకటి, నీటికి జానెడు పైన, అప్పుడే ఆరడం మొదలుపెట్టింది. నీళ్ళు తీస్తున్నాయి. ఇంకో రెండు గంటలు, అంతే.

అతను రెండడుగులు పక్కకు వేసి, ఆ గోడ ఆరోగ్యమ్మకు కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"రేపు పొద్దునదాకా తగ్గవు పెద్దమ్మా," అన్నాడు.

ఆమె నిట్టూర్చి రవిక చేయి పైకి మడుచుకుంది. ఆమె వెనక జైనాబ్ బీ, జైనాబ్ బీ వెనక రాఘవమ్మ, ఊరంతా వరసలో నిలబడింది.